ఇరవై వేల కుర్చీల మధ్య ఒక మంగళవారం రాత్రి

జనవరి నెలాఖరు. రాత్రి ఎనిమిది కావస్తోంది. యాష్‌బర్న్‌లో సిల్వర్ లైన్ రైలెక్కి, మెట్రో సెంటర్‌లో రెడ్ లైన్‌కి మారి, ఒక్క స్టేషన్ తర్వాత గ్యాలరీ ప్లేస్‌లో దిగారు మీరు. ఎస్కలేటర్ పైకి తెచ్చి రోడ్డు మీద వదిలేసరికి చలిగాలి మొహాన కొట్టింది. ఒకవైపు చైనాటౌన్ తోరణం దీపాల్లో మెరుస్తోంది. ఇంకోవైపు వీధి పొడవునా క్యాపిటల్ వన్ అరీనా. వాషింగ్టన్ నగరం నడిబొడ్డున ఉన్న ఈ హాలులో ఇంకో అరగంటకి జార్జ్‌టౌన్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు బిగ్ ఈస్ట్ లీగ్ మ్యాచ్ ఆడబోతోంది.

వీధిని చూస్తే ఆ సంగతి తెలియదు. ఇదే హాలులో వాషింగ్టన్ క్యాపిటల్స్ ఐస్‌హాకీ ఆడే రాత్రి ఈ ఫుట్‌పాత్ ఎర్ర చొక్కాలతో కిక్కిరిసిపోతుంది. ఇవాళ కనిపిస్తున్నది భోజనానికి వచ్చినవాళ్లు, ఆఫీసు నుంచి ఆలస్యంగా ఇంటికి పోతున్నవాళ్లు, అక్కడక్కడ నీలం, బూడిద రంగు టోపీలు పెట్టుకున్న నడివయసు మనుషులు. ఆ టోపీలే గేటు వైపు నడుస్తున్నాయి. వాటి కింద జుట్టు చాలావరకు తెల్లబడింది.

గేటు దగ్గర క్యూ లేదు. ఫోన్ చూపించారు, మెషీన్ కుయ్‌మంది, లోపలికి వచ్చేశారు. ఆ కుయ్ శబ్దాన్ని కాస్త గుర్తుంచుకోండి. రేపు స్కోరు పక్కన అచ్చయ్యే ప్రేక్షకుల సంఖ్య చాలాచోట్ల ఈ మెషీన్ లెక్కపెట్టింది కాదు, అమ్మిన టికెట్లూ పంచిన టికెట్లూ కలిపిన సంఖ్య. టికెట్ కొని రానివాళ్లు కూడా అందులో కూర్చునే ఉంటారు. ఆ ప్రకటించిన సంఖ్యే, కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ 1 పురుషుల బాస్కెట్‌బాల్‌లో 2000ల చివరి నుంచి కోవిడ్ దాకా దాదాపు ఏటా తగ్గుతూ వచ్చిందంటే, లోపల అసలు ఎంతమంది ఉన్నారో మీరే కళ్లతో చూడాలి.

చూడండి. మెట్లు దిగి మీ వరస దగ్గర నిలబడి ఒకసారి తలెత్తండి. బాస్కెట్‌బాల్‌కి ఇక్కడ 20 వేలకు పైగా కుర్చీలు. పై అంతస్తును కాలేజీ మ్యాచ్‌లకి చాలాసార్లు తెరవనే తెరవరు. అక్కడ చీకటి. కింది అంతస్తులో మధ్య భాగం, అంటే విరాళాలిచ్చిన పూర్వ విద్యార్థుల సీట్లు, సగం నిండాయి. కోర్టుకి ఒక చివర, బుట్ట వెనక, విద్యార్థుల గ్యాలరీ. యూనివర్సిటీ బ్యాండు దానికి ఆనుకుని కూర్చుని ట్రంపెట్లు సవరించుకుంటోంది. ముందు మూడు వరసల్లో మొహాలకు రంగులు పూసుకున్న పిల్లలు నిలబడే ఉన్నారు. నాలుగో వరసలో ఖాళీలు మొదలయ్యాయి. ఏడో వరస తర్వాత అన్నీ మడత విప్పని కుర్చీలే.

మన దగ్గర కాలేజీ ఆటలంటే గ్రౌండు చుట్టూ వందమంది, పీడీ గారి విజిల్, గెలిస్తే నోటీసు బోర్డు మీద పేర్లు. అమెరికాలో సంగతి వేరు. 350కి పైగా యూనివర్సిటీలు డివిజన్ 1లో ఆడతాయి. మార్చిలో 68 జట్ల టోర్నమెంట్ మొదలైతే ఆఫీసుల్లో పని నడవదు. మనుషులు ఊళ్లు మారతారు, ఉద్యోగాలు మారతారు, కాలేజీ జట్టును మాత్రం మార్చరు. ఆ బంధం పుట్టేది ఈ బుట్ట వెనకే. పద్దెనిమిదేళ్లప్పుడు ఇక్కడ నిలబడి గొంతు పోయేలా అరిచినవాళ్లే నలభై ఐదేళ్లప్పుడు ఆ మధ్య సీట్లు కొంటారు, పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. కాబట్టి ఏడో వరస వెనక కుర్చీలు ఇవాళ్టి టికెట్ డబ్బుల సమస్య కాదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ మధ్య సీట్లలో ఎవరుంటారన్న ప్రశ్నకి సగం జవాబు అక్కడే కనిపిస్తోంది.

ఎనిమిదిన్నరకి రెఫరీ బంతి పైకెగరేశాడు.

మొదట మీ చెవిన పడేది బూట్ల శబ్దం. చెక్క నేల మీద రబ్బరు రాసుకునే కీచుకీచు. టీవీలో అది అరుపుల కింద ఎక్కడో నలిగి వినిపిస్తుంది. ఇక్కడ ప్రతి మలుపూ విడివిడిగా వినబడుతోంది. కోచ్ లేచి చేతులు చాపి డిఫెన్స్ పేరు కేకేస్తే, ఎక్కడో పదిహేనో వరసలో ఉన్న మీకు స్పష్టంగా తెలిసింది. అంటే అవతలి జట్టుకీ తెలిసింది. బంతి పట్టుకున్న కుర్రాడు స్నేహితుడితో అన్న మాట కూడా తెలిసింది. మీ వెనక ఒక పెద్దాయన రెఫరీని తిట్టిన తిట్టుకి రెఫరీ తల తిప్పి చూశాడు. నిండిన హాలులో ఆ తిట్టు పక్క కుర్చీ దాటదు. సొంతూరి మ్యాచ్ అంటే ఆటగాళ్లకి ఉండే బలం ఈ శబ్దమే. ఎదుటి జట్టుకి వాళ్ల కోచ్ మాట వినపడకుండా చెయ్యడం, ఫ్రీ త్రో వేసేవాడి కళ్లముందు వెయ్యి చేతులు ఆడించడం, సొంత జట్టు రెండు బుట్టలు వరసగా వేస్తే మూడోది ఊపులో పడేలా చెయ్యడం. ఇవాళ ఈ కుర్రాళ్లు ఆ బలం లేకుండానే పరిగెడుతున్నారు.

నాలుగు నిమిషాలు గడిచాయో లేదో ఆట ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఏ కోచ్ టైమవుట్ అడగలేదు. ఇది టీవీ టైమవుట్. ఒక్కో సగం 20 నిమిషాలు. గడియారం 16 నిమిషాల దిగువకు వచ్చాక బంతి మొదటిసారి ఆగినప్పుడు ఒకటి, 12 దిగువన ఒకటి, 8 దిగువన, 4 దిగువన. సగానికి నాలుగు చొప్పున మొత్తం ఎనిమిది. ఇంట్లో చూసేవాళ్లకి ఆ సమయంలో ప్రకటనలు వస్తాయి. ఇక్కడున్న మీకు ఏం వస్తుంది? బుల్‌డాగ్ వేషగాడు టీషర్టులు విసురుతున్నాడు. పెద్ద తెర మీద చప్పట్లు కొట్టమని అక్షరాలు వెలుగుతున్నాయి. పిల్లలు ఫోన్లు తీశారు. 40 నిమిషాల ఆట రెండు గంటలు దాటేది ఇలాగే. ఆగిన ప్రతిసారీ హాలు కొంచెం చల్లబడుతుంది, ఆ వేడిని మళ్లీ సున్నా నుంచి ఎక్కించాలి. నిండిన గ్యాలరీకి అది పెద్ద పని కాదు. మూడు వరసల వల్ల అయ్యే పని కాదు.

ఆ ఫోన్‌లో ఇదే మ్యాచ్ వస్తోంది. ఇంతకన్నా దగ్గరగా, రీప్లేలతో, వ్యాఖ్యానంతో. దాదాపు ప్రతి కాలేజీ మ్యాచ్ ఇప్పుడు ఏదో ఒక చానల్లోనో యాప్‌లోనో దొరుకుతుంది. బిగ్ టెన్ లీగ్ 2007లో, ఎస్ఈసీ లీగ్ 2014లో, ఏసీసీ లీగ్ 2019లో సొంత చానళ్లు పెట్టుకున్నాయి. ఈఎస్‌పీఎన్ ప్లస్ 2018లో వచ్చి చిన్నాచితకా మ్యాచ్‌లను కూడా చేతిలోకి తెచ్చింది. ఆట చూడడమే పని అయితే గదిలో దుప్పటి కప్పుకుని చూడడమే సుఖం. కానీ మొదటి రోజు మొదటి ఆటకి థియేటర్‌కి వెళ్లేవాళ్లెవరూ తెర కోసం మాత్రమే వెళ్లరు కదా. పక్కవాడి ఈల కోసం వెళ్తారు. ఆ ఈల లేనప్పుడు థియేటర్‌కి పోయి ప్రయోజనం ఏమిటని పక్కవాడు కూడా మానేస్తాడు. ఖాళీ కుర్చీ ఇంకో ఖాళీ కుర్చీని పుట్టిస్తుంది. సీనియర్ వెళ్లకపోతే జూనియర్‌ని తీసుకెళ్లేవాళ్లుండరు. నాలుగేళ్లలో కాలేజీ మొత్తం మారిపోతుంది, ఆ అలవాటును చూసినవాళ్లే మిగలరు.

మీ ముందు వరసలో తెలుగు వినబడింది. తల్లీ తండ్రీ, జార్జ్‌టౌన్ బూడిద రంగు స్వెట్‌షర్టులో కూతురు. ఉత్తర వర్జీనియాలో మనవాళ్లకి కొదవలేదు. పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగి ఇక్కడి కాలేజీలకే వెళ్తున్నారు.

"మీ ఫ్రెండ్స్ ఎవరూ రాలేదేమ్మా?"

"ఎనిమిదిన్నరకి ఆట నాన్నా. అయ్యేసరికి పదిన్నర దాటుతుంది, బస్సులో క్యాంపస్ చేరేసరికి పదకొండు పైనే. రేపు పొద్దున్నే ల్యాబ్ ఉంది అందరికీ. రూమ్‌లో చూస్తున్నారు, గ్రూప్‌లో మెసేజ్‌లు పెడుతున్నారు చూడు."

"మరి నువ్వు?"

"మీరొస్తానన్నారు కదా!"

తండ్రి నవ్వి కోర్టు వైపు చూపించాడు. "వీళ్లలో ఎవరైనా మీ క్లాసులో ఉన్నారా?"

"పోయినేడు ఒకతను ఉండేవాడు. ఇప్పుడు వేరే యూనివర్సిటీకి ఆడుతున్నాడు."

ఆ అమ్మాయి మామూలుగా చెప్పిన మాటలో పెద్ద మార్పు ఉంది. ప్యాట్రిక్ యూయింగ్ 1981 నుంచి 1985 దాకా నాలుగేళ్లూ జార్జ్‌టౌన్‌కే ఆడారు. మూడుసార్లు జాతీయ ఫైనల్‌కి వెళ్లారు, 1984లో హ్యూస్టన్‌ని 84-75తో ఓడించి గెలిచారు. కోచ్ జాన్ థాంప్సన్ కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ డివిజన్ 1 పురుషుల టైటిల్ గెలిచిన మొదటి నల్లజాతి కోచ్. గాలి తీసిన బంతిని ఆఫీసులో ఎదురుగా పెట్టుకునేవారాయన. ఆట అయిపోయాక మీ దగ్గర ఏం మిగులుతుందని కుర్రాళ్లను అడగడానికి. ఆయన దగ్గర చదువు మధ్యలో ఆపి ఎన్‌బీఏకి వెళ్లిన మొదటివాడు 1996లో ఆలెన్ ఐవర్సన్. ఇప్పుడు వెళ్లిపోవడం మామూలు. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. 2021 నుంచి మొదటిసారి జట్టు మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న నిబంధన పోయింది. అదే ఏడాది జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు, 2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా చెల్లించవచ్చు. ఆ డబ్బు వాళ్లకి న్యాయంగా రావాల్సిందే. దశాబ్దాల పాటు వాళ్ల చెమట మీద ఇతరులు బతికారు. కానీ ఏడాదికోసారి సగం జట్టు మారిపోతే, క్యాంటీన్‌లో ఎదురయ్యే మనిషి కోసం అరిచే అవకాశం విద్యార్థికి పోయింది. చొక్కా రంగు ఒక్కటే మిగిలింది.

సగం ఆట అయింది. కాళ్లు చాపుకోవడానికి కారిడార్‌లోకి వచ్చారు. పాప్‌కార్న్ వాసన, కౌంటర్ల దగ్గర ఇద్దరు ముగ్గురు. టోపీ పెట్టుకున్న పెద్దలు గుంపుగా నిలబడి పాత సంగతులు చెప్పుకుంటున్నారు. వాళ్లు లాండోవర్ గురించి మాట్లాడుతుంటే కాస్త ఆగి వినండి, ఎందుకంటే మీరు మనసులో కడుతున్న లెక్క అక్కడ తప్పుతుంది.

హాలు క్యాంపస్‌కి దూరం కాబట్టి పిల్లలు రావడం లేదని మీకు అనిపించింది. నిజమే, జార్జ్‌టౌన్ పేటలో మెట్రో స్టేషనే లేదు. ఇక్కడికి బస్సులో రావాలి. కానీ యూయింగ్ రోజుల్లో జట్టు ఆడింది ఇంకా దూరాన, మేరీలాండ్‌లోని లాండోవర్‌లో, క్యాపిటల్ సెంటర్ అనే హాలులో. 1981లో క్యాంపస్ వదిలి అక్కడికి వెళ్లారు, 1997 డిసెంబర్‌లో ఈ కొత్త హాలు తెరిచాక నగరంలోకి వచ్చారు. అప్పుడు పిల్లలు అంత దూరమూ వెళ్లారు. గెలిచే జట్టు ఉంది, నాలుగేళ్లు ఉండే ఆటగాళ్లు ఉన్నారు, అన్నిటికన్నా మించి ద్వేషించడానికి సిరక్యూస్ యూనివర్సిటీ జట్టు ఉంది.

బిగ్ ఈస్ట్ లీగ్‌ని 1979లో డేవ్ గావిట్ స్థాపించారు. ఈఎస్‌పీఎన్ పుట్టిందీ ఆ ఏడే. రెండూ కలిసి పెరిగాయి. జార్జ్‌టౌన్, సిరక్యూస్ తలపడుతున్నాయంటే రెండు నగరాలూ నిద్రపోయేవి కావు. తర్వాత కాలేజీ ఫుట్‌బాల్ టీవీ హక్కుల డబ్బు పెరిగి, దాని వెంట యూనివర్సిటీలు లీగులు మారడం మొదలైంది. 2013లో సిరక్యూస్ ఏసీసీకి వెళ్లిపోయింది. వెళ్లేముందు ఆ మార్చి 9న ఇదే హాలులో చివరి లీగ్ మ్యాచ్. జార్జ్‌టౌన్ 61-39తో గెలిచింది. వచ్చినవాళ్లు 20,972 మంది. ఇవాళ మీరు తలెత్తితే చీకటిగా కనబడిన పై అంతస్తు ఆ రోజు చివరి వరస దాకా నిండింది. రెండు వారాల ముందు సిరక్యూస్‌లో జరిగిన మ్యాచ్‌కి 35,012 మంది వచ్చారు. మనుషులకు ఆట మీద మనసు పోయిందనడానికి లేదు. అంతమంది మనసు పెట్టుకున్న పోటీని లీగ్‌లోంచి తీసేశారు. యూసీఎల్ఏ కూడా 2024లో బిగ్ టెన్‌లో చేరింది. లాస్ ఏంజెలెస్ పిల్లలు ఇప్పుడు న్యూజెర్సీలోని రట్గర్స్‌ని లీగ్ ప్రత్యర్థిగా చూడాలి. తాతలనాటి పగలు అంత తొందరగా పుట్టవు.

ఇక ఓటముల సంగతీ దాచకూడదు. 2021లో యూయింగే కోచ్‌గా జట్టు బిగ్ ఈస్ట్ టోర్నమెంట్ గెలిచింది. మరుసటి సీజన్‌లో లీగ్‌లో 19 ఆడి 19 ఓడింది. 2023 జనవరిలో డీపాల్ మీద గెలిచేసరికి లీగ్ సీజన్‌లో వరసగా 29 ఓటములు. ఆ మార్చిలో యూయింగ్‌ని తప్పించి ఎడ్ కూలీని తెచ్చారు. ఓడే జట్టును చూడ్డానికి ఎవరూ రారు, ఇది ఎక్కడైనా అంతే. కానీ గెలుస్తున్న పెద్ద జట్ల దగ్గరా విద్యార్థుల వరసలు పలచబడ్డాయి, అందుకే ఓటమి ఒక్కదాని మీదే తోసెయ్యడం కుదరదు.

సీట్ల పంపకం మాట కూడా చెప్పాలి. నార్త్ కరోలైనా యూనివర్సిటీ 1986లో డీన్ స్మిత్ సెంటర్ తెరిచింది. సుమారు 21 వేల సీట్ల హాలు. కట్టడానికి విరాళమిచ్చినవాళ్లకే కోర్టు దగ్గరి సీట్లలో చాలా భాగం దక్కాయి. గొప్ప జట్టు, మర్యాదైన ప్రేక్షకులు. 2000 జనవరిలో మంచు ముంచెత్తి రోడ్లు మూసుకుపోతే టికెట్లున్నవాళ్లు రాలేకపోయారు. నడిచి రాగలిగినవాళ్లు వచ్చి దొరికిన చోట కూర్చోండని తలుపులు తెరిచారు. క్యాంపస్ పిల్లలు కోర్టు అంచుదాకా నిండిపోయారు. మేరీలాండ్ మీద గెలిచిన ఆ రాత్రి గోలను అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే హాలు, అదే జట్టు. మారింది ముందు వరసలో కూర్చున్నవాళ్లు.

రెండో సగానికి లోపలికి రండి. జార్జ్‌టౌన్ 11 పాయింట్లు వెనకబడి ఉంది. కొందరు కోట్లు వేసుకుంటున్నారు. ఏడు నిమిషాలు మిగిలుండగా పొట్టి గార్డు ఒకడు బంతి లాక్కుని ఒంటరిగా పరిగెత్తి బుట్టలో వేశాడు. మళ్లీ ఇంకొకడు మూడు పాయింట్ల గీత అవతలినుంచి. తేడా 6. విద్యార్థుల గ్యాలరీలో ఎవరో కుర్చీ ఎక్కారు. బ్యాండు డప్పు అందుకుంది. అవతలి జట్టు ఆటగాడు ఫ్రీ త్రోకి సరిగ్గా ఆ బుట్ట ముందుకే వచ్చాడు. మూడు వరసల పిల్లలు చేతులన్నీ ఒకేసారి ఊపుతూ అరిచారు. బంతి రింగుకి తగిలి బయటపడింది. రెండోదీ అంతే. మీ ముందు కూర్చున్న అమ్మాయి ఎప్పుడు లేచిందో లేచి, అమ్మానాన్నల్ని వదిలి మెట్లు దిగి ఆ వరసల్లోకి పరిగెత్తింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. తేడా 3. ఇప్పుడు బూట్ల చప్పుడు వినబడడం లేదు. కోచ్ నోరు కదులుతోంది, మాట మీదాకా రావడం లేదు. మీరూ నిలబడే ఉన్నారు.

ఆ నాలుగు నిమిషాల్లో మీకు తెలిసింది ఒకటే. ఈ పిల్లలకి అరవడం చేతకాక కాదు, ఆట ఇష్టం లేక కాదు. కొన్ని వందల మందిని ఒక్కచోట, కోర్టుకి ఆనించి, నిద్ర పాడుకాని వేళకి పెడితే ఈ రాత్రి మొదటి నిమిషం నుంచీ ఇలాగే ఉండేది.

నిండిన హాళ్లు ఈ దేశంలోనే ఉన్నాయి. డ్యూక్ యూనివర్సిటీ కామెరూన్ హాలు 1940 నాటిది, 9,314 సీట్లు. పెద్దది కట్టుకోగలిగీ కట్టుకోలేదు. పిల్లల్ని కోర్టు పక్కనే, వరసకట్టి నిలబెట్టింది. నార్త్ కరోలైనా మ్యాచ్ కోసం వాళ్లు చలికాలంలో గుడారాలు వేసుకుని కాపలా కాస్తారు. అయోవాలో 2023-24లో కెయిట్లిన్ క్లార్క్ ఆడుతుంటే అమ్మాయిల జట్టు సీజన్ మొత్తం టికెట్లు ముందే అమ్ముడైపోయాయి. 2023 అక్టోబర్‌లో ఫుట్‌బాల్ స్టేడియంలో ఆడితే 55,646 మంది వచ్చారు. క్లార్క్ అయోవాలోనే పుట్టి పెరిగి, నాలుగేళ్లూ ఆ చొక్కాలోనే ఆడింది.

జార్జ్‌టౌన్‌కి క్యాంపస్‌లోనే మెక్‌డొనా జిమ్ ఉంది. 1951లో కట్టారు, సుమారు 2,500 మంది పడతారు. లాండోవర్ వెళ్లకముందు జట్టు ఆడింది అక్కడే. కోవిడ్ సీజన్‌లో మళ్లీ అక్కడ ఆడారు, అప్పుడు లోపల ప్రేక్షకులే లేరు. హాస్టల్ గదుల నుంచి నడిచి వచ్చే దూరం. టీవీ ఒప్పందాలు, విరాళదారుల సీట్లు, పెద్ద ప్రత్యర్థులు, ఇవన్నీ ఉన్నాయి కాబట్టి సీజన్ మొత్తాన్ని అక్కడికి మార్చమనడం అత్యాశ. కానీ ఏడాదికి నాలుగైదు మ్యాచ్‌లైనా సాయంత్రం ఏడింటికి, ఆ జిమ్‌లో, కింది సీట్లన్నీ విద్యార్థులకే ఇచ్చి ఆడించాలి. జనం లేని ఇరవై వేల సీట్ల హాలు కన్నా జనం నిండిన రెండున్నర వేల సీట్ల జిమ్ ఏ జట్టుకైనా మేలు. టీషర్టులు పంచి అలవాటు పుట్టించలేరు. దగ్గర చేస్తేనే పుడుతుంది.

అమెరికాలో చదువుతున్న తెలుగు పిల్లలకీ ఒక మాట. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థి కార్డుతో ఈ మ్యాచ్‌లు ఉచితం, లేదా నామమాత్రపు ధర. ఆట నియమాలు తెలియవని వెనకాడొద్దు, రెండు మ్యాచ్‌లు చూస్తే అవే వస్తాయి. ఈ వారం మీ కాలేజీ మ్యాచ్ ఎప్పుడో చూసుకుని, పక్క గదివాళ్లని లేపుకుని, ఆట మొదలయ్యేలోగా బుట్ట వెనక నిలబడండి.